మూడు ముద్దుల పాఠం

డాక్టర్ స్లావికా మొహం నాకు గుర్తులేదు. మొహాలు నాకు తొందరగా గుర్తుండవు. ఆవిడ పెన్ను మాత్రం గుర్తుంది. ఏదైనా రాయబోయే ముందు దాని వెనక మీటని రెండుసార్లు నొక్కుతుంది, టిక్కు టిక్కుమని. రెండేళ్ల కిందట అద్దం అవతల కూర్చుని ఆ చప్పుడు చేస్తూనే నా కూతుర్ని నాకు కాకుండా చేసింది. ఇప్పుడు నేను గదినిండా కూర్చున్న థెరపిస్టుల ముందు నిలబడి "నా పేరు దున్యా" అంటుంటే, వెనక వరసలోంచి అదే చప్పుడు వినిపించింది.

తలెత్తి చూశాను. పొట్టి జుట్టు, ఆకుపచ్చ స్కార్ఫు, చేతిలో పెన్ను. ఆవిడ నావంక చూసి మర్యాదగా నవ్వింది. నన్ను గుర్తుపట్టలేదు. ఎన్నో ఇళ్లు చూసిన మనిషి, ఎంతమంది తల్లులని గుర్తుపెట్టుకుంటుంది? అదే ఇంకా ఒళ్లు మండించింది. నా బతుకుని తలకిందులు చేసిన మనిషికి నేనెవరో కూడా తెలీదు.

ఆ శిక్షణ సంగతి చెప్పాలి. ఆటిజం ఉన్నవాళ్లతో, మెదడు తీరు వేరుగా ఉన్నవాళ్లతో పనిచేసే థెరపిస్టులందరూ ఇకమీదట రెండురోజులు పాఠం వినాలని మా నోవీ సాద్ ఊళ్లో వాళ్ల సంఘం తీర్మానించింది. అందులో ఒకరోజు అలాంటి మనిషే పాఠం చెప్పాలట. రోగి చేత డాక్టరుకి పాఠం చెప్పించడం అన్నమాట. చదువుకుని గోడలనిండా డిగ్రీ పటాలు తగిలించుకున్నవాళ్లకి ఇది మింగుడుపడుతుందా? పొద్దున్న వాళ్లు కోట్లు విప్పి కొక్కేలకి తగిలించిన తీరులోనే తెలిసిపోయింది. నేను సర్వే ఆఫీసులో మ్యాపులు గీసే మనిషిని. నాకు ఆటిజం ఉందని ముప్పయ్యారేళ్లకి తెలిసింది, అదీ కూతుర్ని పోగొట్టుకున్నాక.

ఆ శిక్షణ ఏర్పాటుచేసిన ఓగ్న్యెన్ నాకు పాత స్నేహితుడు. తలుపు దగ్గరే నన్ను పట్టుకున్నాడు.

"దున్యా, నీకు పుణ్యముంటుంది, ఇవాళొక్కరోజు ఎవరితోనూ తగువు పెట్టుకోకు. గురువారం నీకు కోర్టువాళ్ల పరిశీలన ఉందన్నావుగా. ఈ గదిలో ఉన్నవాళ్లలో ఎవరు ఎక్కడ తేలతారో తెలీదు."

మా లాయరమ్మ కూడా అదే చెప్పింది. "గురువారందాకా ఎక్కడికెళ్లినా నవ్వుతూ ఉండండి," అంది. "రోజుకి ఎంతసేపు?" అని అడిగాను. జోకనుకుని నవ్వింది. నేను నిజంగానే అడిగాను.

మొదటి పరిశీలన కథ చెబితే మీకూ తెలుస్తుంది. నేనూ మా ఆయన మిలుటినూ విడిపోయినప్పుడు, పిల్ల ఎవరి దగ్గర ఉండాలో తేల్చడానికి కోర్టు మమ్మల్ని ఒక సెంటరుకి పంపింది. బొమ్మలున్న గది, ఒక గోడకి అద్దం, అద్దం అవతల సైకాలజిస్టు. లెంకాకి అప్పుడు ఆరేళ్లు. గదిలోకి వచ్చింది, నన్ను చూసింది, వచ్చి నేలమీద నా వీపుకి వీపు ఆనించి కూర్చుంది. ఇంట్లో మేం కావలించుకునేది అలాగే. దాని వెన్నుపూసలు నా వెన్నుకి తగులుతుంటే, దానికి ఆవేళ భయంగా ఉందో సంతోషంగా ఉందో నాకు తెలిసిపోతుంది. మొహం చూడక్కర్లేదు. అలా కూర్చుంటేనే దాని నోటెంట మాట వస్తుంది. ఆవేళ మ్యాన్‌హోల్ మూతల గురించి చెప్పింది. మా ఊళ్లో ఏ వీధిలో మూత మీద ఏ బొమ్మ ఉందో దానికి కంఠస్థం.

మా దేశంలో మూడు ముద్దులు లేకుండా గడప దాటలేరు. కుడి, ఎడమ, మళ్లీ కుడి. పుట్టినా, చచ్చినా, పరీక్ష పాసైనా అంతే. మిలుటిన్ వాళ్ల ఇంట్లో ఏటా ఇంటి దేవుడి పండగకి వచ్చే చుట్టాలందరికీ పిల్ల బుగ్గలు అందించాలి. తడి బుగ్గ అంటే లెంకాకి ఒళ్లు జలదరిస్తుంది. వెళ్లి బల్ల కింద కుక్కతో కూర్చునేది. వాళ్ల నానమ్మ రదొయ్కా దాన్ని ఈనాటికీ క్షమించలేదు. కుక్కని క్షమించింది.

సైకాలజిస్టు నివేదికలో ఇలా ఉంది: తల్లి బిడ్డని ముద్దుపెట్టుకోలేదు, కళ్లలోకి చూడలేదు, వీపు తిప్పి కూర్చుంది, బిడ్డతో అనుబంధం బలహీనం. కింద రదొయ్కా ఫిర్యాదు కూడా చేర్చారు, జనవరిలో పిల్లని ఒట్టికాళ్లతో టైల్సు మీద తిరగనిచ్చానని. సాక్సు కుట్టు వేలికి తగిలితే లెంకా ఏడుస్తుంది, అందుకని తీసేసేదాన్ని. మావాళ్లు దొంగతనాన్నయినా మన్నిస్తారు కానీ, ఒట్టికాళ్లతో పిల్లని, ఎదురెదురుగా తెరిచిన రెండు కిటికీలని మన్నించరు, చలిగాలే ప్రాణం తీస్తుందని వాళ్ల నమ్మకం. అంతే, పిల్ల తండ్రితో నది అవతల నానమ్మగారింటికి పోయింది. నాకు రెండు వారాలకోసారి శనివారం మిగిలింది. ఆ శనివారం వచ్చి అది చేసే మొదటి పని, నా మంచం కింద దూరి మధ్యాహ్నందాకా నిద్రపోవడం. ఎందుకంత అలసిపోతోందో నాకు అర్థమయ్యేది కాదు.

ఇదీ సంగతి. ఇప్పుడు ఆ పెన్ను నా ఎదురుగా ఉంది. పిల్లని తిరిగి ఇమ్మని నేను కోర్టుకి వెళితే, గురువారం పరిశీలన కూడా అదే సెంటర్లో పెట్టారు. నోరు మూసుకుని నవ్వుతూ పాఠం చెప్పేసి ఇంటికి పోవాలి. బుద్ధున్న మనిషైతే అదే చేస్తుంది.

పాఠం మొదలుపెట్టాను. "మేము రాగానే మీరు మౌనంగా కూర్చుంటారు. మేమే మొదలుపెట్టాలని చూస్తారు. మీ చదువులో దానికి పెద్ద పేరే ఉండి ఉంటుంది. నాలాంటిదానికి మాత్రం దారి అడిగితే జవాబు చెప్పని మనిషిలా కనిపిస్తారు. ఈ గదిలో ఏం చేస్తాం, ఎంతసేపు చేస్తాం, ఎప్పుడు లేవచ్చు, ఇవి ముందే చెప్పండి. తరవాత 'అది మీకెలా అనిపిస్తోంది' అని అడుగుతారు. ఎక్కడ అనిపిస్తోందని? కడుపులోనా, కాళ్లలోనా? నాకు రెండుచోట్లా వేరువేరుగా అనిపిస్తుంది."

ముందువరసలో గడ్డం ఉన్న కుర్ర థెరపిస్టు స్ట్రాహిన్యా చెయ్యెత్తాడు. "మేడమ్, అందరికీ అన్నీ ముందే చెప్పేస్తే ఇంక థెరపీ ఎందుకు? రైళ్ల టైమ్ టేబుల్ గోడకి అంటించుకుంటే సరిపోతుంది."

అందరూ నవ్వారు.

"టైమ్ టేబుల్ లేని స్టేషన్లో మీరు ఎంతసేపు కూర్చుంటారు?" అన్నాను. "మేం పుట్టిందగ్గర్నుంచీ అక్కడే కూర్చున్నాం."

నవ్వు తగ్గింది. కళ్లలోకి చూస్తే నాకు ఎదుటివాళ్ల మాట వినబడదనీ, మాట వినాలంటే ఎటో చూడాల్సిందేననీ చెప్పాను. కొందరికి పక్కపక్కన కూర్చుంటే మాట వస్తుంది, కొందరికి వీపుకి వీపు ఆనిస్తే వస్తుంది అన్నాను. వెంటనే వెనక వరసలోంచి డాక్టర్ స్లావికా గొంతు.

"క్షమించండి మేడమ్. వీపు తిప్పుకున్న మనిషితో నేను పనెలా చెయ్యను? ఇది బస్టాండు కాదుగా, ఒకళ్లు ఒక ఊరికీ ఒకళ్లు ఇంకో ఊరికీ పోవడానికి?"

మళ్లీ నవ్వులు. టిక్కు టిక్కు. ఏదో రాసుకుంది.

పుండు మీద కారం చల్లడమంటే అదే. తలుపు దగ్గర నిలబడ్డ ఓగ్న్యెన్ నాకేసి చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. గురువారం, గురువారం అని నాలో నేనే అనుకున్నాను. మధ్యాహ్నం బురెక్ రొట్టెలూ పెరుగూ వచ్చేదాకా ఓర్చుకున్నాను. తిన్నాక ఓర్పు అయిపోయింది.

"ఇప్పుడొక ఆట," అన్నాను. "ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోండి. ఒకళ్లు తమకి బాగా కావలసిన మనిషి గురించి చెప్పాలి. చెప్పినంతసేపూ ఎదుటివాళ్ల కళ్లలోంచి చూపు తప్పకూడదు. చేతులు మోకాళ్ల మీదనుంచి కదలకూడదు. మొహంలో భావం కనబడాలి. రెండోవాళ్లు తప్పు జరిగినప్పుడల్లా కాగితం మీద గీత పెట్టి, చివర్న ఈ వాక్యాలు పూర్తిచెయ్యాలి."

ఆ వాక్యాలు బోర్డు మీద నేనే రాశాను. కాగితం చూడక్కర్లేదు, నాకు నోటికొచ్చు. స్లావికాని స్ట్రాహిన్యాకి ఎదురుగా కూర్చోబెట్టాను.

"చిన్నపిల్లల ఆటలా ఉంది," అందావిడ కుర్చీ లాక్కుంటూ. కానీ చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ల నాన్న బెచెయ్ దగ్గర కాలవ లాకుల మీద పనిచేసేవాడట. చలికాలం మంచు పగలగొట్టి, చక్రం తిప్పి లాకు తలుపులు తెరిచేవాడట. చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద కూడా చేతులతో ఆ చక్రం తిప్పుతూనే ఉండేవాడట. అక్కడికి వచ్చేసరికి ఆవిడ చూపు స్ట్రాహిన్యా కళ్లలోంచి జారి కిటికీ మీదికి పోయింది. ఎడమచేతి ఉంగరాన్ని కుడిచేత్తో తిప్పుతోంది. మొహం మాత్రం కొయ్యలా ఉంది.

స్ట్రాహిన్యా గీతల మీద గీతలు పెట్టాడు. పైకి చదవమన్నాను. వాడికి హుషారెక్కింది, కోర్టు గుమాస్తాలా గొంతు పెట్టాడు.

"చూపు నిలపలేదు. చేతులు స్థిమితంగా లేవు. తండ్రి మరణం గురించి చెబుతున్నప్పుడు మొహంలో ఏ భావమూ లేదు. తండ్రితో అనుబంధం బలహీనం."

గదంతా గొల్లుమంది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది, ఎందుకంటే స్లావికా నవ్వలేదు.

"మా నాన్నంటే నాకు ప్రాణం," అంది మెల్లిగా.

"ఆ మాటకి ఆ కాగితంలో చోటులేదు మేడమ్," అన్నాను. "రెండేళ్ల కిందట నేనూ మీకు అదే చెప్పాను. బోర్డు మీదున్నవి నా మాటలు కావు. చూసుకోండి, మీవే. అద్దం అవతలనుంచి రాశారు. నేను లెంకా తల్లిని."

స్ట్రాహిన్యా కాగితాన్ని మడతపెట్టి, ఎక్కడ దాచాలో తెలీక మోకాలి కింద పెట్టుకున్నాడు. స్లావికా నావంక చూసింది, ఈసారి మర్యాద నవ్వు లేదు. లేచి బయటికి వెళ్లిపోయింది. ఓగ్న్యెన్ గోడకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

నేను వరండాలోకి వెళ్లాను. ఆవిడ కోటు తొడుక్కుంటోంది, ఒక చెయ్యి సరిగ్గా దూరడం లేదు.

"పగ తీర్చుకోడానికి వచ్చారన్నమాట," అంది.

"పాఠం చెప్పడానికి వచ్చాను. మీరు ఉంటారని తెలీదు. తెలిస్తే ఇంకా బాగా తయారై వచ్చేదాన్ని."

"నా బల్ల ముందుకి ఎలాంటి పిల్లలు వస్తారో తెలుసా మీకు? చెయ్యి విరిగినవాళ్లు, ఒంటిమీద వాతలు తేలినవాళ్లు. వాళ్ల తల్లులూ ఇలాగే అంటారు, నా బిడ్డంటే నాకు ప్రాణమని. అందరి మాటా నమ్మమంటారా? నేను కంటికి కనిపించిందే రాయగలను."

"కంటికి కనిపించింది రాయలేదు మీరు. కనిపించనిదాన్ని లేదని రాశారు."

ఆవిడ మొహం ఎర్రబడింది. "గురువారం పరిశీలన కూడా నాదే. తెలుసా? తల్లికి కోపం ఎక్కువ, అదుపు తక్కువ అని ఇప్పుడు నేను రాస్తే?"

"రాయండి. అది మాత్రం నిజం."

ఆవిడ కోటు గుండీలు తప్పుగా పెట్టుకుని, మళ్లీ విప్పి, మళ్లీ పెట్టుకుంది. పోతూపోతూ అంది: "మీ అమ్మాయి విషయంలో మీరు నాకు కృతజ్ఞత చెప్పాలి. ప్రతి బుధవారం మా సెంటరుకి వస్తోంది. ఎంత మారిందో చూస్తారుగా. ఇప్పుడు కళ్లలోకి చూస్తోంది."

"ఎవరు నేర్పారు?"

"నేనే."

శనివారాల నిద్ర గుర్తొచ్చింది. మంచం కింద గోడవైపు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకున్న నా పిల్ల. ఇన్నాళ్లూ రదొయ్కా ఇంట్లో గోల ఎక్కువనుకున్నాను.

గురువారం వచ్చింది. లాయరమ్మ నాకు గులాబిరంగు స్వెట్టరు తొడిగించింది, మెత్తగా కనబడతానని. మెడ దగ్గర అది కొరుకుతోంది. అదే గది, అవే బొమ్మలు, అదే అద్దం. నేల మీద తివాచీ తీసేశారు, టైల్సు మెరుస్తున్నాయి. అద్దం పైన చిన్న స్పీకరు, అవతలివాళ్ల గొంతు ఇవతలికి వినబడటానికి. దాంట్లోంచి టిక్కు టిక్కుమని వినిపించింది. ఆవిడ వచ్చేసిందన్నమాట.

తలుపు తెరుచుకుంది. రదొయ్కా లెంకాని లోపలికి తోసి, "కాళ్లకున్న చెప్పులు తియ్యకు, చచ్చిపోతావు చలికి," అని చెప్పి తలుపేసింది. లెంకా జుట్టు గట్టిగా వెనక్కి దువ్వి ఉంది. ఉన్ని సాక్సులు, వాటిపైన మెత్తని చెప్పులు.

నేను అలవాటుగా నేల మీద కూర్చోబోయాను. అది కూర్చోలేదు. తిన్నగా నా దగ్గరికొచ్చింది. కుడి బుగ్గ, ఎడమ బుగ్గ, మళ్లీ కుడి బుగ్గ. మూడు ముద్దులు, చక్కగా, పొడిపొడిగా. తరవాత తల ఎత్తి నా కళ్లలోకి చూసింది. పెదాలు మెల్లిగా కదులుతున్నాయి, లెక్కపెట్టుకుంటోంది. లెక్క పూర్తయ్యాక నవ్వింది. పళ్లు కనిపించేలా నవ్వింది.

"నిన్ను చూసి నాకు చాలా సంతోషంగా ఉంది అమ్మా. నువ్వెలా ఉన్నావు?"

దాని చెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది. వేళ్లు వణుకుతున్నాయి.

స్పీకర్లో పెన్ను చప్పుడైంది. ఆవిడ రాస్తోంది. ఏం రాస్తోందో నాకు తెలుసు: పలకరింపు ఆప్యాయంగా ఉంది, చూపు నిలుస్తోంది. నేను గెలుస్తున్నాను. నేను చెయ్యాల్సిందల్లా ఒకటే, తిరిగి ముద్దుపెట్టుకుని నవ్వడం. అప్పుడు పిల్ల నాదవుతుంది. దేవుడి సాక్షిగా చెబుతున్నా, నా మొహం మీదికి ఆ నవ్వు సగం వచ్చింది కూడా. రెండేళ్లు పిల్ల లేని ఇంట్లో ఉంటే తెలుస్తుంది, ఎవరైనా ఏ నవ్వయినా నవ్వుతారు.

కానీ దాని వేళ్లు వణుకుతున్నాయి.

"లెంకా," అన్నాను, "ఇది చెయ్యకు. నా దగ్గర చెయ్యక్కర్లేదు."

దాని నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం బెదిరాయి. "చెయ్యాలమ్మా. పోయినసారి మనం చెయ్యలేదు. అందుకే కదా నన్ను నానమ్మ దగ్గరికి పంపేశారు? ఇప్పుడు బాగా చేస్తే నీ దగ్గర ఉండనిస్తారు. నేను బుధవారం బుధవారం నేర్చుకున్నాను. తప్పు లేకుండా వచ్చేసింది. నువ్వూ చెయ్యి."

నన్ను తనకి దూరం చేసింది తన వీపేనని ఇది అనుకుంటోంది. నా పిల్ల రెండేళ్లుగా అలాగే అనుకుంటోంది. ఆ నిమిషంలో చేతికి ఏదైనా దొరికి ఉంటే ఆ అద్దాన్ని బద్దలు కొట్టేదాన్ని.

నేను తనలా చెయ్యకపోయేసరికి లెంకా అద్దం వైపు తిరిగింది. ఆ అద్దం వెనక ఎవరుంటారో దానికి తెలుసు.

"స్లావికా ఆంటీ, సరిగ్గా చేశానా? ఇంక ఆపొచ్చా?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. తలుపు తెరుచుకుని స్లావికా లోపలికి వచ్చింది. లెంకా ఎదురుగా నిలబడబోయి ఆగింది. పక్కకి జరిగి, కిటికీ వైపు తిరిగి నిలబడింది, పిల్ల మొహంలోకి చూడకుండా. సోమవారం శిక్షణలో నేను చెప్పిన పాఠం అది.

"ఆపొచ్చు," అంది.

లెంకా ఆలోచించింది. దానికి ఏదైనా పూర్తిగా తెలియాలి.

"ఇవాళ్టికా, ఎప్పటికీనా?"

స్లావికా ఉంగరం తిప్పుకుంటోంది. ఎంతసేపు తిప్పిందో నాకు తెలీదు. నా కోపం మాత్రం ఆ ఉంగరం మీదే ఉంది, జవాబు తప్పయితే ఆ చెయ్యి కొరికేద్దామన్నంతగా.

"ఎప్పటికీ," అంది చివరికి. "అది నేను నేర్పకుండా ఉండాల్సింది లెంకా."

లెంకా చెప్పులు తీసి ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. సాక్సులు లాగేసింది. ఒట్టికాళ్లతో టైల్సు మీద నడిచి నా వెనక్కి వచ్చింది, కూర్చుంది, వీపు ఆనించింది. దాని వెన్నంతా బిగుసుకుని ఉంది. నేను కదల్లేదు. కాసేపటికి ఒక్కొక్క పూసా వదులైంది.

"నానమ్మ వాళ్ల వీధిలో ఒక మూత మార్చేశారు," అంది. "పాతదాని మీద చేప ఉండేది. కొత్తదాని మీద ఏమీ లేదు."

"చేప ఉన్నదాన్ని ఏం చేశారో కనుక్కుంటాను," అన్నాను.

తలుపు సందులోంచి రదొయ్కా అరుపు వినబడింది: "అయ్యో, ఒట్టికాళ్లు! డాక్టరుగారూ, చూస్తున్నారా? రాసుకోండి, రాసుకోండి!"

పెన్ను చప్పుడు కాలేదు.

ఆవిడ మారిపోయింది, దేవత అయిపోయింది అని నేను చెప్పను. కోర్టులో నిలబడి మొదటి నివేదిక తప్పనీ, ఆ తప్పు తనదేననీ చెప్పింది, అంతవరకు నిజం. లెంకా అడిగిన ప్రశ్నని జడ్జికి ఉన్నదున్నట్టు అప్పజెప్పింది. ఇవాళ్టికా, ఎప్పటికీనా. మిలుటిన్ తల దించుకున్నాడు. పిల్ల నా దగ్గర ఉండాలనీ, శనివారాలు తండ్రివనీ తీర్పొచ్చింది. నేను స్లావికాకి థాంక్స్ చెప్పలేదు. నా ఇల్లు తగలబెట్టినవాళ్లు తరవాత ఒక బిందె నీళ్లు తెచ్చి పోశారని దండ వెయ్యమంటారా?

మొన్న ఆదివారం లెంకా, నేను ఫుతోగ్ వీధి బజార్లో మిరపకాయలు కొంటున్నాం, చలికాలానికి పచ్చడి పెట్టుకోడానికి. లెంకాకి ఇప్పుడు ఎనిమిదేళ్లు. కాళ్లకి కుట్టు లేని సాక్సులు దొరికాయి, వాటి కోసం ఊరంతా తిరిగాను. ఎర్ర మిరపకాయల గుట్ట పక్కనుంచి డాక్టర్ స్లావికా ఎదురైంది. అలవాటు కొద్దీ చేతులు చాపి, కుడి బుగ్గ ముందుకు తెచ్చింది. మావాళ్లు శత్రువుకైనా మూడు ముద్దులు బాకీ ఉంచరు.

మధ్యలో ఆగింది. చేతులు దించింది. అటుపక్క మిరపకాయల వంక చూస్తూ అడిగింది.

"ముద్దా? చెయ్యి కలపడమా? ఏదీ వద్దా?"

"ఏదీ వద్దు," అన్నాను.

"సరే," అంది. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది. నొచ్చుకుందో లేదో నేను చూడలేదు. "వెళ్లొస్తాను లెంకా," అని సంచీ సర్దుకుని వెళ్లిపోయింది.

మిరపకాయలు తూకం వేయించాను. అమ్మేవాడు నా మొహం చూసి, బేరమాడకుండానే నాలుగు కాయలు ఎక్కువ వేశాడు. ఇంటికి నడుస్తుంటే లెంకా మ్యాన్‌హోల్ మూతల మీద నుంచి దాటుకుంటూ, నాకేసి చూడకుండా అంది.

"ఈసారి ఆంటీ అడిగింది కదమ్మా."

"ఆలస్యంగా అడిగింది."

లెంకా రెండు మూతలు దాటేదాకా ఆలోచించింది.

"అడిగింది కదా," అంది. "నువ్వు వద్దన్నా ఏమీ రాసుకోలేదు."